పెద్ద వయసులో మందు మారితే ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

హౌరా నుండి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న ఖరగ్‌పూర్ పట్టణం పేరు ఉత్తర కోస్తా పల్లెలలో చాలా కుటుంబాలకు పరిచితమే. 19వ శతాబ్దం చివరలో బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షనును, వర్క్‌షాపును నెలకొల్పినప్పటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు ఉద్యోగాల కోసం తరలి వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందిన అక్కడి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం మీద తెలుగు మాట వినిపించడం వింత కాదు.

ఉద్యోగ విరమణ తరువాత వీరిలో కొందరు ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోతారు. కొందరు స్వగ్రామంలో పొలం చూసుకుంటున్న కుమారుని వద్దకు వస్తారు. మరికొందరు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ గడుపుతారు. వారి వెంట వచ్చే సామానులో మందుల సంచి ఒకటి తప్పక ఉంటుంది. బి.పి.కి ఒకటి, షుగరుకు రెండు, గుండెకు ఒకటి, నిద్రకు ఒకటి, ఇలా ఆ సంచి ఏటేటా బరువెక్కుతుంది. అందులోని ఒక మందు మారినప్పుడు ఏమి చేయాలన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఖరగ్‌పూర్ పెద్దలకు వర్తించే ఈ మాటలు మన పల్లెలలోని ప్రతి తల్లికీ తండ్రికీ వర్తిస్తాయి.

ఒక ఉదాహరణ

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విరమించిన డెబ్బై రెండేళ్ళ పెద్దాయనను ఉదాహరణగా తీసుకుందాం. షుగరుకు ఆయన చాలా ఏళ్ళుగా గ్లైబెన్‌క్లమైడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నారు. రక్త పరీక్షలో మూత్రపిండాల పనితీరు తగ్గినట్లు తేలడంతో డాక్టరు ఆ మాత్ర మానిపించి వేరొక మందు వ్రాశారు. చీటీ ఇంగ్లీషులో ఉంది. డాక్టరు హిందీలో చెప్పిన మాట సగమే అర్థమయింది. ఇంట్లో పాత మాత్రలు ఇంకా రెండు షీట్లు మిగిలి ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న మందు పారవేయడమెందుకని పెద్దాయన పాతదీ కొత్తదీ కలిపి వేసుకోసాగారు. కొన్నాళ్ళకు పల్లెకు వచ్చారు. పాత షీట్లు అయిపోగానే ఖాళీ షీటు చూపించి ఊరి మందుల షాపులో మళ్ళీ అవే కొన్నారు.

ఒకనాడు రాత్రి సరిగా భోజనం చేయకుండా పడుకున్నారు. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, చేతుల వణుకు, పొంతన లేని మాటలు. వయసు మీద పడిందని, లేదా గాలి సోకిందని ఇంటివారు అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ఇవి రక్తంలో చక్కెర పడిపోయిన లక్షణాలు. అప్పుడు కోడలు “మావయ్యా, పాత బిళ్ళ కూడా వేసుకుంటున్నారా?” అని అడిగితే ఆయన ప్రాణానికి అదే రక్ష.

ఇందులో డాక్టరు వ్రాసిన చీటీ సరైనదే, కొత్త మందూ సరైనదే. లోపమల్లా మార్పు సగంలో ఆగిపోవడం. పాత ప్రోనోటు రద్దు చేయించకుండా కొత్త ప్రోనోటు వ్రాసి ఇచ్చినవాడు రెండింటికీ బాధ్యుడయినట్లే, పాత మాత్రను ఆపకుండా కొత్తది మొదలుపెట్టిన శరీరం రెండింటి భారాన్నీ మోస్తుంది. పాత మాత్ర సంచిలో నుండి పోయి, కొత్త మాత్రతో కొన్ని వారాలు గడిచి, దాని ఫలితాన్ని తిరిగి డాక్టరుకు చూపించినప్పుడే మందు మార్పు పూర్తయినట్లు.

మందు ఎందుకు మారుస్తారు?

“ఇరవై ఏళ్ళు పడిన మందు ఇప్పుడెందుకు పడదు?” అని పెద్దలు అడగడం సహజం. మందు అదే అయినా శరీరం మారుతుంది. నడివయసు దాటిన నాటి నుండి మూత్రపిండాల వడపోత శక్తి క్రమంగా తగ్గుతుంది. అందువల్ల ఒకప్పుడు ఒక రోజులో బయటకు పోయిన మందు ఎక్కువ కాలం రక్తంలో నిలిచిపోతుంది. కండ తగ్గి, శరీరంలో నీటి పాలు తగ్గి, కొవ్వు పాలు పెరుగుతుంది. కొవ్వులో కరిగే డయాజిపామ్ వంటి నిద్రమాత్రల మత్తు మరునాటి పగలంతా కూడా వదలకపోవచ్చు. లేచి నిలబడినప్పుడు రక్తపోటును వెంటనే సర్దుకునే శక్తి కూడా వయసుతో మందగిస్తుంది.

పెద్ద వయసు వారికి హాని చేయగల మందుల జాబితాను అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1991లో మొదటిసారి ప్రకటించారు. తరువాత పలుమార్లు సవరించిన ఆ జాబితాలో పైన చెప్పిన గ్లైబెన్‌క్లమైడ్, డయాజిపామ్ రెండూ ఉన్నాయి. కనుక డాక్టరు పాత మందును మార్చడం ఎప్పుడూ రోగం ముదిరిందనడానికి గుర్తు కాదు. చాలాసార్లు అది వయసుకు తగిన సవరణ మాత్రమే.

పేరు వేరు, మందు ఒకటే

పురుగుమందుల డీలర్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం అనే ఒకే మందును అనేక కంపెనీలు అనేక పేర్లతో అమ్ముతాయి. సీసాపై పెద్ద అక్షరాలలో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, చిన్న అక్షరాలలో ఉండేది అసలు మందు పేరు. తెలిసిన డీలరు చిన్న అక్షరాలే చూస్తాడు. మనుషుల మందుకూ ఇదే సూత్రం.

ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మాత్రలు సరఫరాను బట్టి మారుతుంటాయి. గత నెల గుండ్రని తెల్ల మాత్ర, ఈ నెల పొడవైన పసుపు మాత్ర రావచ్చు. అసలు పేరు, మిల్లీగ్రాములు ఒకటే అయితే అది అదే మందు. రంగు వేరు కనుక ఇది కొత్త మందని, పాతదీ కొనసాగించాలని భావించి ఒకే మందును రెండు మోతాదులు వేసుకోవడం తరచు జరిగే పొరపాటు. ఇందుకు భిన్నంగా, ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపినవీ ఉన్నాయి. అటువంటి మాత్ర కొత్తగా వ్రాసినప్పుడు, విడిగా వాడుతున్న వాటిలో ఏది ఆపాలో అక్కడే అడిగి తెలుసుకోవాలి.

థైరాయిడ్ మాత్ర, మూర్ఛ మందు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వంటి వాటిలో చిన్న తేడా కూడా పనిచేస్తుంది. కనుక వీటి కంపెనీ మారినా డాక్టరుకు చెప్పడం మంచిది.

మొదటి వారాలలో గమనించవలసినవి

కొత్త మందుకు శరీరం అలవాటు పడడానికి కొంత కాలం పడుతుంది. బి.పి. మందు పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చిన తరువాత సుమారు ఆరు నుండి ఎనిమిది వారాలకు గాని రక్త పరీక్షలో నిజమైన మార్పు తెలియదు. నాలుగు రోజులు వాడి పనిచేయలేదని మానివేయడం తగదు. అయితే కొన్ని లక్షణాలను వెంటనే పట్టించుకోవాలి.

ఆమ్లోడిపిన్ వాడేవారికి చీలమండల వద్ద వాపు రావచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారిలో కొందరికి విడవని పొడిదగ్గు వస్తుంది. ఇవి డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవలసిన ఇబ్బందులు. పెదవులు, నాలుక, ముఖం ఉబ్బితే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మెట్‌ఫార్మిన్ మొదటి రోజులలో కడుపులో వికారం, విరేచనాలు కలిగించవచ్చు. భోజనంతో కలిపి వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది.

బి.పి. మందు గాని, ప్రోస్టేటు మందు గాని కొత్తగా మొదలుపెట్టినప్పుడు మంచం మీద నుండి లేవగానే కళ్ళు తిరగవచ్చు. లేచి ఒక నిమిషం కూర్చుని, ఆసరా పట్టుకుని నిలబడి, ఆ తరువాతే నడవాలి. పెద్ద వయసులో తుంటి ఎముక విరగడానికి ఒక్కసారి తూలి పడడం చాలు.

చెమటలు, వణుకు, తికమక కనిపించి, మనిషి మింగగల స్థితిలో ఉంటే మూడు టీచెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. గ్లైబెన్‌క్లమైడ్ వంటి మందు వల్ల పడిపోయిన చక్కెర ఒకసారి కోలుకున్నా కొన్ని గంటల తరువాత మళ్ళీ పడిపోగలదు. కనుక తేరుకున్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

తటాలున మానకూడని మందులు

ఏ మందును ఆపాలో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, ఏ మందును తటాలున ఆపరాదో తెలుసుకోవడం అంత ముఖ్యం. గుండెకు, బి.పి.కి ఇచ్చే అటెనోలాల్, మెటోప్రోలాల్, క్లోనిడిన్ వంటివి, ఉబ్బసానికి, కీళ్ళకు దీర్ఘకాలం వాడిన ప్రెడ్నిసోలోన్, మూర్ఛ మందులు, ఏళ్ళ తరబడి వాడిన నిద్రమాత్రలు ఒక్కసారిగా మానితే ప్రమాదం. వీటిని డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. గుండె రక్తనాళంలో స్టెంటు వేసుకున్నవారు రక్తాన్ని పలుచగా ఉంచే మాత్రను గుండె డాక్టరును అడగకుండా ఒక్కరోజు కూడా మానరాదు.

ఒళ్ళు నొప్పులకు షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రల విషయంలోనూ జాగ్రత్త అవసరం. బి.పి. మందు, నీరు పోయే మాత్ర వాడుతున్న పెద్దలు వీటిని కూడా తోడు చేసుకుంటే మూత్రపిండాలు త్వరగా దెబ్బతినవచ్చు.

రెండు ఊళ్ళు, ఇద్దరు డాక్టర్లు

ఖరగ్‌పూర్ డాక్టరుకు పల్లెలో వాడే మందు తెలియదు. పల్లె డాక్టరుకు ఖరగ్‌పూర్‌లో మారిన మందు తెలియదు. ఈ రెండింటి మధ్య వారధి ఇంటివారే కావాలి. 1997 నాటి విశ్రాంత ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద ఉన్న రైల్వే పింఛనుదార్లు, వారి జీవిత భాగస్వాములు రైల్వే ఆసుపత్రులలో చికిత్స పొందవచ్చు. ఆసుపత్రికి దూరంగా నివసించేవారు నిర్ణీత వైద్య భత్యాన్ని ఎంచుకునే వీలు కూడా ఉంది. అయితే ఆ భత్యం తీసుకునేవారికి రోజువారీ మందులు బయటి రోగుల విభాగంలో సాధారణంగా లభించవు. కనుక పల్లెకు నివాసం మార్చే ముందే ఈ సంగతి విచారించుకోవాలి.

ఖర్చు మాట

పంట రుణం విత్తనానికి, ఎరువుకు తీసుకున్నది. విరిగిన తుంటి ఎముక ఆపరేషనుకు అది మళ్ళితే ఆ ఏడు పొలమూ, వాయిదా రెండూ దెబ్బతింటాయి. కిసాన్ క్రెడిట్ కార్డు పథకానికి 2012లో చేసిన సవరణలో పరిమితిలో 10 శాతం గృహావసరాల వంటి వాటికి చేర్చారు. అయితే అది చిన్న అవసరాలకే సరిపోతుంది.

ఖరీదు భరించలేక రోజు విడిచి రోజు మాత్ర వేసుకునే పెద్దలు ఉన్నారు. ఆ సంగతి వారు డాక్టరుకు చెప్పరు. మందు పనిచేయలేదని డాక్టరు మోతాదు పెంచుతారు. ఇట్టి చోట ధర సంగతి దాచకుండా చెప్పడమే మేలు. 2008లో ప్రారంభమైన జన ఔషధి కేంద్రాలలో అసలు పేరుతో అమ్మే మందులు తక్కువ ధరకు లభిస్తాయి. ఇటువంటి కేంద్రాలు తెరవడానికి 2000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు వీలు కల్పించాలని కేంద్ర ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. మీ సంఘంలో అట్టి కేంద్రం ఉన్నదేమో విచారించండి.

ఇంటివారు చేయవలసినవి

1. మందు మారిన రోజున డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: ఏది ఆపాలి? ఏది మొదలుపెట్టాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి?

2. ఒక కాగితం మీద తెలుగులో మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, దేనికి, ఏ పూట, ఏ తేదీ నుండి అన్నవి వ్రాసి మందుల సంచిలో ఉంచండి. ఆపిన మందును కొట్టివేసి, పక్కన తేదీ వేయండి.

3. ఆపిన మాత్రల షీట్లను అదే రోజు సంచిలో నుండి తీసివేసి విడిగా కవరులో ఉంచండి. తరువాతి సారి డాక్టరుకు చూపించి, ఆపై పారవేయండి.

4. ఖాళీ షీటు చూపి మందు కొనవద్దు. తాజా చీటీ చూపి కొనండి.

5. మొదటి రెండు వారాలు బి.పి., షుగర్, తూలు, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో తేదీవారీగా వ్రాయండి.

6. ఊరు మారేటప్పుడు ఆ కాగితాన్ని, చివరి రక్త పరీక్ష రిపోర్టును టిక్కెట్టుతోపాటు జేబులో పెట్టండి.

బ్యాంకు పాస్‌బుక్కును జాగ్రత్త చేసే ఇల్లు ఈ కాగితాన్ని కూడా జాగ్రత్త చేయగలదు. ఈ నాటి సాయంత్రమే మీ ఇంటి పెద్దల మందుల సంచి తెరిచి, అందులోని షీట్లను చివరి చీటీతో సరిచూడండి. చీటీలో లేని మాత్ర ఏదైనా కనిపిస్తే దానిని మీకై మీరు ఆపవద్దు, కొనసాగించనూ వద్దు. డాక్టరుకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారికో అదే రోజు చూపించి, దాని సంగతి అడిగి తెలుసుకోండి.