వెలుగునకు చీకటి తోడు

దీపావళి అమావాస్య నాటి పండుగ. ఆశ్వయుజ మాసమునందలి ఆ చీకటిరాత్రియే దీపముల వరుసలకు తగినదని మన పెద్దలెరుగుదురు. వెన్నెలలో వెలిగించిన ప్రమిదకు వన్నె తక్కువ. ఈ మాటను నేను బాల్యమునుండి వినుచునే యుంటిని. కాని దాని యర్థము నాకు ముదిమిలో నొక చిన్న యంత్రమువలన బోధపడినది.

మా యిల్లు విజయవాడలోని గవర్నర్‌పేటలో నున్నది. ప్రతి దీపావళికిని పిట్టగోడపై ప్రమిదలను, గోడలపై రంగురంగుల సీరియల్ బల్బులను అమర్చుట మా యింటి వాడుక. మా యెదురింటి మేడపై నొక మామ్మగారు కలరు. పూర్వము ఆమె పండుగనాడు వీధి యంతయు తిరిగి, ఇంటింటి దీపములను చూచి, ముగ్గులను మెచ్చుకొని పోవుచుండెడివారు. కాలి యెముక విరిగినది మొదలు మెట్లు దిగజాలకున్నారు. ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమడు ఆమెతో, "మామ్మగారూ! ఈ యేడు మీరు వసారాలో కూర్చుండిన చాలును. దీపావళిని మీ కన్నుల యెదుటికే తెచ్చెదను" అని మాట యిచ్చెను.

వాడు తన మేనమామ నడిగి ఒక ప్రొజెక్టరును తెచ్చెను. ప్రొజెక్టరనగా కదలు బొమ్మలను కాంతిరూపమున గోడపైకి ప్రసరింపజేయు యంత్రము. చుక్కలు పెట్టి ముగ్గు వేయుట, ప్రమిదలు ఒక్కొక్కటిగా వెలుగుట, పూలవాన కురియుట, వీనితో రెండు నిమిషముల వీడియో నొకదానిని వాడే సిద్ధపరచెను. నరకచతుర్దశి నాటి రాత్రి దానిని మా యింటి ముందరి గోడపై పండ్రెండడుగుల వెడల్పున వేసి చూచెను. ఏవో మసక నీడలు కదలినవే గాని బొమ్మ స్పష్టముగా కానరాలేదు. పండుగ కళ చాలలేదేమోయని తలచి నేను మరి రెండు బల్బుల దండలను వెలిగింపజేసితిని. ఉన్న మసక బొమ్మయు మాయమయ్యెను. మామ్మగారు మాత్రము పైనుండి, "కనబడుచున్నది నాయనా, చాల బాగున్నది" అనిరి. అది తనపై దయచేత పలికిన మాటయని వాడు గ్రహించెను. ఆ రాత్రి వాడు సరిగా భుజింపలేదు.

మరునాటి యుదయమున మేమిద్దరమును కూర్చుండి కారణమును విచారించితిమి.

ప్రొజెక్టరు ఎఱుపును, పసుపును, తెలుపును గోడపైకి పంపగలదు. నలుపును మాత్రము పంపజాలదు. నల్లని కాంతి యనునది లేదు గదా! బొమ్మలో మనకు నలుపుగా కనబడునది, యంత్రము కాంతిని పంపక విడిచిన చోటనున్న గోడ చీకటియే. ఆ గోడపై బల్బుల వెలుగు పడినచో నలుపు బూడిదరంగగును. వెలుగునకును చీకటికిని గల భేదము తగ్గినకొలది బొమ్మయు వెలవెలబోవును. పండుగ కళకై నేను వెలిగించిన దండలే మా బొమ్మను మ్రింగినవి.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. తోలుబొమ్మలాటవారు తెల్లని తెర వెనుక దీపముంచి, ప్రేక్షకులు కూర్చుండు వైపును చీకటిగా నుంచెడివారు. మచిలీపట్టణమున 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును కొని, ఊరూర తిరిగి చలనచిత్రములను ప్రదర్శించిరి. నాడు బెజవాడ యని పిలువబడిన మా పట్టణమున 1921లో మారుతీ సినిమాశాల వెలసెను. ఏ సినిమాశాలయందైనను ఆట మొదలగుటకు ముందు దీపములార్పుదురు. జీవితమంతయు చూచిన యీ నియమమును నా యింటి గోడకడ నేను మరచితిని.

రెండవ కారణము బొమ్మ పరిమాణము. యంత్రమునుండి వెడలు కాంతి యెప్పుడును ఒక్కటే. బొమ్మ వెడల్పు రెట్టింపైనచో ఎత్తును రెట్టింపగును. వైశాల్యము నాలుగు రెట్లగును. అంతటి కాంతియే నాలుగు రెట్ల చోటున పరచుకొనుటచే ఒక్కొక్క చోట వెలుగు నాలుగవ వంతునకు దిగును. కావున బొమ్మను పండ్రెండడుగులనుండి ఆరడుగులకు తగ్గింప నిశ్చయించితిమి.

మూడవది తెర. మా గోడ రంగు గోడ. తెలుపు తక్కిన రంగులకంటె నెక్కువ కాంతిని త్రిప్పి పంపును. అందుచే తెల్లని దుప్పటి నొకదానిని వ్రేలాడదీసి, గాలికి కదలకుండుటకై దాని యడుగు అంచున వెదురుబద్దను కుట్టితిమి. వీధిదీపము నార్పుట మన యధీనములో లేదు గనుక, దాని వెలుగు సోకని చోటును వెదకి, పై వసారా నీడలో తెరను కట్టితిమి. యంత్రమును తెరకు సూటిగా నిలిపితిమి. ఏటవాలుగా నుంచినచో బొమ్మ ఒక ప్రక్క వెడల్పుగను, మరియొక ప్రక్క ఇరుకుగను పడును. తెర లేక గోడపైననే బొమ్మను వేయగోరువారు కిటికీలుండు తావున వీడియోలో నలుపు నుంచవలెను. అచట కాంతి పడదు. ఇంటిలోనివారి కన్నులకు బాధ కలుగదు.

ఇంట నుపయోగించు విద్యుత్తు 230 వోల్టులది, ప్రాణాపాయకరము. అందుచే తీగలను పెద్దలే కలుపవలెను. అతుకులు తడినేలపై నుండరాదు. దీపావళి దినములలో మన కోస్తాలో వాన రావచ్చును గనుక యంత్రముపై కప్పు అవసరము. కాని అది వేడెక్కకుండ గాలి యాడవలెను. ప్రమిదలను తెరకు దూరముగా నుంచితిమి. టపాకాయల నిప్పురవ్వ గుడ్డను కాల్చును; వాని పొగ బొమ్మను మసకబార్చును. కావున వీధిలో టపాకాయలు మొదలు కాకముందే ప్రదర్శనము జరుపవలెనని యనుకొంటిమి.

ఆ సాయంకాలము చీకటి పడినంతనే మనుమడు బల్బుల దండలనన్నిటిని ఆర్పెను. పిట్టగోడ చివర నాలుగు ప్రమిదలు మాత్రము వెలుగుచుండెను. పండుగనాడు ఇల్లు చీకటి చేయుట నా మనస్సునకు కష్టముగనే యుండెను. అంతలో తెరపై నొక చుక్క మెరసెను. చుక్క ప్రక్క చుక్క, వరుస క్రింద వరుస యేర్పడి, తెల్లని గీత వానిని చుట్టుచు ముగ్గయ్యెను. ఏ దీపము నెప్పుడు వెలిగింపవలెనో యెరిగినంత మాత్రమున చాలదు. ఏ దీపము నెప్పుడు ఆర్పవలెనో కూడ నెరుగవలెనని నాకప్పుడు తెలిసినది.

ఆట ముగిసిన పిమ్మట మామ్మగారు పైనుండి, "నాయనా, ఆ ముగ్గు మరియొకసారి వేయుము" అనిరి. వాడు మరల వేసెను. ఆమె కటకటాల మీదికి వంగి, వ్రేలితో లెక్కించి, "మూడవ వరుసలో నొక చుక్క తప్పినదిరా!" అనిరి.

తప్పు పట్టినందులకు అంతగా సంతోషించిన విద్యార్థిని నా ఉపాధ్యాయ జీవితమున నేను చూడలేదు. వాడు ఆ రాత్రియే ఆ చుక్కను దిద్దెను.