సబ్జెక్ట్‌లో "రెజ్యూమే" అని మాత్రమే రాస్తున్నారా? ఒక్కసారి ఇది వినండి

జాబ్‌కి మెయిల్ పంపేటప్పుడు పైన సబ్జెక్ట్ అని ఒక చిన్న గడి ఉంటుంది కదా, ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. రెజ్యూమే మీద రెండు రోజులు కూర్చుంటాం, ఈ గడికి మాత్రం రెండు సెకన్లు కూడా ఇవ్వం.

ముందు నాకు జరిగింది చెప్తాను. నేను పనిచేసిన ఒక చిన్న ఆఫీసులో ఒక ఫ్రెషర్‌ని తీసుకోవాలి. మా మేనేజర్ పొద్దున్న ఫోన్‌లో మెయిల్స్ చూసుకుంటూ వచ్చారు. "ఒకమ్మాయి రెజ్యూమే బావుంది, వెంటనే జాయిన్ అవుతానంది, ఫోన్ చేసి పిలువు" అన్నారు. పేరు గుర్తులేదు ఆయనకి. నేను ఇన్‌బాక్స్ తెరిస్తే వరసగా "రెజ్యూమే", "రెజ్యూమే", "మై సీవీ", కొన్నిటికైతే సబ్జెక్టే లేదు. సాయంత్రం దాకా ఒక్కోటి తెరిచి చూశాను, దొరకలేదు. దొరికినవాళ్లలో ఒకరిని పిలిచాం, ఆఫర్ ఇచ్చేశాం. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి మెయిల్ కనిపించింది. సబ్జెక్ట్ ఖాళీ. తనలో ఏ లోపమూ లేదు, వెతికినప్పుడు దొరకలేదు, అంతే.

అందుకే చెప్తున్నా, సబ్జెక్ట్ లైన్ అంటే మన గొప్పలు చెప్పుకునే చోటు కాదు. అవతలివాళ్లు మనల్ని మళ్లీ వెతికితే దొరకడానికి పెట్టే గుర్తు. అది లేకపోతే మన మెయిల్ ఊరూ పేరూ లేని ఉత్తరమే.

మరి ఏం రాయాలి? నాలుగు విషయాలు, ఇదే వరసలో: జాబ్ పేరు, జాబ్ ఐడీ ఉంటే అది, మీ పేరు, మీ గురించి పనికొచ్చే ఒక్క ముక్క. ఉదాహరణకి: "జావా డెవలపర్, జాబ్ ఐడీ 204, మీ పేరు, ఇమ్మీడియట్ జాయినర్". ఫ్రెషర్ అయితే: "అకౌంట్స్ ట్రైనీ, మీ పేరు, బీకామ్ 2025, టాలీ". ఎవరైనా రిఫర్ చేస్తే, వాళ్లని అడిగి, "రిఫర్డ్ బై" అని వాళ్ల పేరు పెట్టండి.

ఈ వరసే ఎందుకు? ఫోన్‌లో సబ్జెక్ట్ మొత్తం కనిపించదు, సుమారు 30, 40 అక్షరాల దగ్గర తెగిపోతుంది. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ రైటింగ్ దిస్ మెయిల్ టు అప్లై" అని మొదలుపెట్టారనుకోండి, అసలు విషయం వచ్చేలోపే లైన్ అయిపోతుంది.

ఒక ముఖ్యమైన మాట. నోటిఫికేషన్‌లో "సబ్జెక్ట్‌లో ఇలా రాయండి" అని వాళ్లే చెప్తే, నేను చెప్పింది పక్కన పెట్టి అక్షరం మార్చకుండా అదే రాయండి. చాలామంది ఆ మాటలతోనే ఫిల్టర్ పెట్టుకుంటారు. మీరు మారిస్తే మెయిల్ ఆ ఫోల్డర్‌లోకే వెళ్లదు.

చేయకూడనివి కూడా చెప్తాను. "అర్జెంట్" అని రాయొద్దు, అర్జెంట్ మనకి, వాళ్లకి కాదు. మొత్తం క్యాపిటల్ లెటర్స్, ఎమోజీలు వద్దు. ఎప్పుడూ మాట్లాడనివాళ్లకి ముందు "ఆర్ఈ" అని పెట్టి రిప్లైలాగా పంపడం అసలు వద్దు. మొదటి మెయిల్‌లోనే అబద్ధం ఆడినట్టు అవుతుంది. పాత మెయిల్ ఫార్వర్డ్ చేసేటప్పుడు అందులో వేరే కంపెనీ పేరు మిగిలిపోయిందేమో చూసుకోండి.

వారం అయినా రిప్లై రాలేదా? కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. మీరు పంపిన పాత మెయిల్‌కే రిప్లై కొట్టి రెండు లైన్లు రాయండి, సబ్జెక్ట్ మార్చొద్దు. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే అది వేరే సంభాషణగా విడిపోతుంది, అప్పుడు మీ రెజ్యూమే ఒకచోట, మీ ప్రశ్న ఇంకోచోట.

సరే, జాబ్ వచ్చింది. ఇక్కడితో అయిపోయిందా? లేదండి. మేనేజర్‌కి "హాయ్" అనో "డౌట్" అనో పంపకండి. ఏం కావాలో, ఎప్పటికి కావాలో పైనే చెప్పండి: "అప్రూవల్ కావాలి: సేల్స్ రిపోర్ట్, శుక్రవారం లోపు". ఆయన మీటింగ్ మధ్యలో ఫోన్ చూసినా విషయం అర్థమైపోతుంది. ఇంకో లాభం ఏంటంటే, అప్రైజల్ టైమ్‌లో "ఈ ఏడాది ఏం చేశావ్?" అని అడుగుతారు కదా. పని పేరు సబ్జెక్ట్‌లో ఉంటే మీ ఏడాది పనంతా వెతకగానే బయటికొస్తుంది. "డౌట్" అని వెతికితే ఏం దొరుకుతుంది చెప్పండి?

ఇప్పుడు చిన్న పని. ఈ వీడియో అయ్యాక మీ సెంట్ ఫోల్డర్ తెరవండి. చివరిగా పంపిన ఐదు అప్లికేషన్ల సబ్జెక్ట్ మాత్రమే చదవండి, లోపలికి వెళ్లొద్దు. ఏ జాబ్‌కి, ఎవరు పంపారో తెలుస్తోందా? మీకే తెలియకపోతే అవతలివాళ్లకి ఎలా తెలుస్తుంది? జాబ్ వెతుకుతున్న ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.