మొహమాటానికి మూడేళ్లే గడువు

అప్పు ఇచ్చినవాళ్లు కోర్టులో ఓడిపోయే కేసుల్లో చాలావరకు గడప దాటకముందే, ఇంట్లోనే ఓడిపోయి ఉంటాయి. తెనాలిలో సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తూ నేను చూసినంతలో ఇదే వరస. డబ్బు ఇచ్చింది నిజం, అవతలి మనిషి తీసుకున్నదీ నిజం, ఊళ్లో పదిమందికీ తెలిసిన సంగతే. కానీ నోటు మీద వేసిన తేదీకి మూడేళ్లు దాటిపోయి ఉంటుంది. ఆ మాట ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాల్సి రావడం ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంటుంది.

ఓ పల్లెటూరి టీచరుగారు రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ములోంచి మరిది కొడుక్కి 2 లక్షలు ఇచ్చారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. పద్ధతిగా ప్రోనోటు రాయించారు, రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం పెట్టించారు, ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు. ఏటా సంక్రాంతికి అతను వచ్చి ఆ ఏటి వడ్డీ 48 వేలు ఆవిడ చేతిలో పెట్టి, భోజనం చేసి వెళ్లేవాడు. మూడు పండగలు అలా జరిగాయి. నాలుగో పండక్కి రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆవిడ నోటు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ముందు వైపు ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వెనక్కి తిప్పి చూశాను. ఒక్క అక్షరం లేదు.

"ఇచ్చిన వడ్డీలు నోటు వెనక రాయించుకోలేదేమండీ?" అన్నాను.

"కడుపున పుట్టినవాడితో సమానం అనుకున్నాను లాయరమ్మా. అన్నం తిని లేస్తున్నవాడి ముందు కాగితం పెట్టి సంతకం చెయ్యమంటే ఏం బాగుంటుంది?" అన్నారు.

చట్టం మాత్రం ఆ కాగితాన్నే అడుగుతుంది. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన ప్రోనోటు మీద దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. అది దాటితే అవతలివాళ్లు నోరు విప్పకపోయినా సరే, జడ్జిగారే దావా కొట్టేయాలని అదే చట్టంలో 3వ సెక్షన్ చెబుతోంది. టీచరుగారు ఆ మూడేళ్లలోపు ఒక్కసారైనా, "ఈ నోటు బాపతు వడ్డీ కింద ఫలానా తేదీన రూ.48,000 చెల్లించాను" అని రాయించి అతని చేత సంతకం పెట్టించుకుని ఉంటే, 19వ సెక్షన్ ప్రకారం ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వచ్చేవి. మన ఊళ్లలో దీన్నే చెల్లు వేయించుకోవడం అంటాం. అప్పు పుచ్చుకున్న మనిషే సంతకం చేయాలి, గడువు తీరకముందే చేయాలి. ఇచ్చినవాళ్లు తమ డైరీలో రాసుకున్న జమలు దీనికి పనికిరావు.

వడ్డీ ఫోన్‌పేలో వస్తోంది కదా, బ్యాంకులో రికార్డు ఉంటుంది కదా అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. డబ్బు వచ్చిందనడానికి అది సాక్ష్యమే. గడువు పెరగడానికి మాత్రం చెల్లించినవాడి చేతిరాతో సంతకమో ఉండాలని చట్టం అంటోంది కాబట్టి, దాని మీద వాదన తప్పదు. ఆ వాదన నెగ్గుతుందన్న ధీమాతో మూడేళ్లు గడిపేయకండి. ఫోన్‌పేలో వచ్చినా సరే, నోటు వెనక ఒక వాక్యం రాయించండి.

గడువు దాటిందంటే బాకీ చెరిగిపోయినట్టు కాదు. బాకీ బాకీగానే ఉంటుంది, వసూలు చేసిపెట్టే దారి మూసుకుపోతుంది. బాకీదారు మనసు మార్చుకుని పాత బాకీ చెల్లిస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే, ఆ రాత కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద చెల్లుతుంది, దాని మీద దావా వేసుకోవచ్చు. టీచరుగారి విషయంలో ఆ ప్రయత్నం చేశాం. పెద్దమనుషుల ముందు సగం ఇస్తానన్నాడు గానీ కాగితం మీద పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆ సగమూ రాలేదు.

వేసవి సెలవుల్లో గడువు తీరిపోయే నోట్లు ఉంటాయి. కోర్టు మూసి ఉన్నప్పుడు ఆఖరి రోజు వస్తే, తెరిచిన రోజున దావా వేసుకోవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. అందుకే కోర్టులు తిరిగి తెరిచిన నాడు ఫైలింగు దగ్గర రద్దీగా ఉంటుంది. గుమాస్తాలు కట్టలు చంకలో పెట్టుకుని నిలబడతారు, ప్రతి కట్టలోనూ ఆ ఒక్క రోజే ప్రాణం ఉన్న నోటు ఒకటుంటుంది. ఆ రోజు తప్పితే మర్నాడు ఏ వకీలూ ఏమీ చేయలేడు.

స్టాంపు గురించి కూడా చెప్పాలి. వెయ్యి రూపాయలు దాటిన డిమాండు ప్రోనోటుకు చట్టం అడిగే స్టాంపు పావలా మాత్రమే. ఇప్పుడు పోస్టాఫీసులో రూపాయి రెవెన్యూ స్టాంపు కొని అంటిస్తున్నాం. అది లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మిగతా దస్తావేజుల్లో చాలావాటికి తర్వాత జరిమానా కట్టి లోపం సరిచేసుకునే వీలుంది, ప్రోనోటుకు ఆ వీలు కూడా లేదు. లక్షల రూపాయల నోటుకు రూపాయి స్టాంపు మర్చిపోయి వచ్చినవాళ్లను చూశాను. అలాంటప్పుడు బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము, వాట్సాప్‌లో అప్పు తీసుకున్నవాడు ఒప్పుకున్న మాటలు వంటి వేరే ఆధారాలు వెతుక్కోవాలి. ఫోనులో ఉన్నవి కోర్టులో పెట్టాలంటే 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. కాబట్టి ఫోను మార్చేటప్పుడు ఆ మెసేజ్‌లు పోగొట్టుకోకండి.

చెక్కు తీసుకున్నవాళ్లకు గడువులు ఇంకా బిగువు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెక్కు ఇచ్చినవాడికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. అది క్రిమినల్ కేసు. డబ్బు కోసం సివిల్ దావా దానికి సమాంతరంగా నడుపుకోవచ్చు.

నా దగ్గరికి వచ్చేది అప్పు ఇచ్చినవాళ్లే కాదు. అప్పు తీసుకున్నవాళ్లూ వస్తారు, వాళ్లలో కొందరి గోడు వింటే నిద్ర పట్టదు. ఒక కౌలు రైతు పురుగుమందుల కొట్లో అరువు పెట్టాడు. సీజను మొదట్లోనే కొట్టువాళ్లు ఖాళీ ప్రోనోటు మీద సంతకం తీసుకున్నారు. ఖాతా తేలితే 90 వేలు. దావాలో నోటు మీద పడిన అంకె 4 లక్షలు. లాయరు నోటీసు వస్తే భయపడి జవాబివ్వలేదు. సమన్లు వస్తే పొలం పనుల్లో పడి వాయిదాకు వెళ్లలేదు. ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. అప్పుడొచ్చి, "మేడం, నేను సంతకం పెట్టిన మాట నిజమే గానీ ఆ అంకె నాది కాదు" అన్నాడు.

సంతకం తనదేనని ఒప్పుకుంటే, దానికి తగ్గ సొమ్ము ముట్టిందనే కోర్టు ముందుగా భావిస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ చెప్పేది అదే. ముట్టలేదని చూపించే భారం సంతకం పెట్టినవాడిది. పైగా సంతకం చేసి ఖాళీగా ఇచ్చిన నోటును పూర్తి చేసుకునే అధికారం పట్టుకున్నవాడికి 20వ సెక్షన్ ఇస్తోంది. ఇంత బరువు ఒక ఖాళీ కాగితం మీద సంతకానికి ఉంటుందని ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు. డిక్రీ అయిన 30 రోజుల్లోపే వచ్చాడు కాబట్టి పిటిషను వేసి డిక్రీ రద్దు చేయించగలిగాం. విచారణలో కొట్టు ఖాతా పుస్తకాలు తెమ్మని అడిగితే వాళ్లు తేలేదు. నోటు మీద సాక్షి సంతకం పెట్టిన గుమాస్తాను, "మీరు సంతకం పెట్టినప్పుడు రైతు అక్కడ ఉన్నాడా?" అని క్రాస్‌లో అడిగాను. కాసేపు జడ్జిగారి వైపు చూసి, లేడన్నాడు. దావా 90 వేలకే డిక్రీ అయింది.

అందుకే అప్పు తీసుకునేవాళ్లకు చెబుతున్నాను. ఖాళీ నోటు మీద ఎంత అవసరంలోనూ సంతకం పెట్టకండి. బాకీ తీర్చిన రోజునే నోటు వెనక్కి పుచ్చుకోండి, రేపిస్తానంటే మొత్తం ముట్టినట్టు రసీదు రాయించుకోండి. సమన్లు వస్తే దాక్కోకండి. అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు సమయం ఉంటుంది. కోర్టుకు వెళ్లనివాడి వైపు ఎంత న్యాయం ఉన్నా అది ఎవరికీ వినపడదు.

స్థలాలు, ఇళ్ల అగ్రిమెంట్లదీ ఇదే దారి. బయానా ఇచ్చి, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని రాసుకుంటారు. రేటు పెరగగానే అమ్మినవాడు ముఖం చాటేస్తాడు. కొన్నవాడు ఇవాళా రేపా అని ఎదురుచూస్తాడు. అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్‌కు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లలో దావా వేయాలి. తేదీ లేకపోతే అమ్మినవాడు రాసివ్వనన్నాడని తెలిసిన నాటి నుంచి మూడేళ్లు. కానీ గడువులో వేస్తే సరిపోదు. మిగతా సొమ్ము ఇవ్వడానికి మొదటి నుంచీ తాను సిద్ధంగా ఉన్నట్టు కొన్నవాడు రుజువు చేసుకోవాలి. బ్యాంకులో డబ్బు, లోను మంజూరు కాగితం, రిజిస్ట్రేషన్‌కు రమ్మని తేదీ వేసి పంపిన నోటీసు ఇక్కడ అక్కరకొస్తాయి. ఇంకొక సంగతి: స్థలం రాసివ్వకపోతే కనీసం బయానా వాపసు ఇప్పించమని దావాలో విడిగా అడగాలి. అడగనిది కోర్టు ఇవ్వదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్‌లోనే ఉంది.

ఇక డిక్రీ వచ్చాక. గెలిచిన రోజున స్వీట్ బాక్సుతో వచ్చినవాళ్లే ఆరు నెలల తర్వాత డబ్బేదని అడుగుతూ వస్తారు. ఇండియాలో కక్షిదారు కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అన్నది. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతి కోర్టులోనూ తు.చ. తప్పకుండా అమలైతే నా కక్షిదారుల్లో చాలామంది కష్టం సగం తీరుతుంది.

అమలుకు పన్నెండేళ్ల గడువుంది. అయితే దేన్ని జప్తు చేయొచ్చో, దేన్ని ముట్టుకోకూడదో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రాసిపెట్టింది. రైతు ఉండే ఇల్లు, సేద్యపు పనిముట్లు, ప్రభుత్వ పెన్షను, ప్రావిడెంట్ ఫండ్ జోలికి వెళ్లకూడదు. జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేసి తక్కినదే జప్తు చేయాలి, అదీ ఒక డిక్రీ కింద 24 నెలలకు మించకూడదు. బాకీదారును జైల్లో పెట్టిస్తానని ఆవేశంగా వచ్చేవాళ్లుంటారు. డబ్బుండి కట్టనివాడినే అలా పంపగలం. లేనివాడిని లేమికి జైల్లో పెట్టడం తప్పని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు, అది సరైన తీర్పేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయించడానికి అసలు వీల్లేదు.

కాబట్టి దావా వేయకముందే బాకీదారు పేరున ఏముందో కనుక్కోండి. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించండి, ఉద్యోగం ఎక్కడో తెలుసుకోండి. డిక్రీకి అందకుండా ఆస్తి అమ్మేసే ప్రయత్నంలో ఉన్నాడని చూపించగలిగితే తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. ఊరికే అనుమానం ఉందంటే కోర్టు ఒప్పుకోదు, బేరం పెట్టిన కాగితమో, అడిగినవాళ్ల మాటో చూపించాలి.

లోక్ అదాలత్‌కు వెళ్లమంటే కొందరు నామోషీగా భావిస్తారు. నా అభిప్రాయం వేరు. దావా వేయకముందే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. నడుస్తున్న దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంది, దాని మీద అప్పీలు లేదు. వడ్డీలో కొంత వదులుకుని అసలు వాయిదాల మీద తెచ్చుకున్నవాళ్లు, పూర్తి సొమ్ముకు డిక్రీ సంపాదించి అమలు కోసం తిరుగుతున్నవాళ్లకన్నా ఎన్నో రెట్లు నయంగా ఉన్నారు. రాజీలో మాత్రం ఒక వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు రాయించడం మరవకండి.

ఈ వ్యాసం పక్కన పెట్టి మీ బీరువాలో ఉన్న నోటు బయటికి తీయండి. తేదీ చూడండి, వెనక్కి తిప్పి చూడండి. మూడో ఏడు నడుస్తుంటే ఈ వారమే వెళ్లి చెల్లు రాయించుకోండి, లేదంటే నోటు తిరగరాయించుకోండి. వాళ్లు కాదంటే ఆలస్యం చేయకుండా వకీలును కలవండి. ఫీజు ఇచ్చుకోలేమనుకునే ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతా పేదలు ఆదాయ పరిమితికి లోబడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును పొందవచ్చు. ఫోను నంబరు 15100.