నీళ్ళలోంచి ఇంధనం – మన వంటింటి లెక్క

మా అమ్మాయి స్కూల్లో సైన్సు ఫెయిరు పెట్టారు. "నీళ్ళలోంచి గ్యాసు తీసి చూపిస్తానమ్మా" అంటూ గ్లాసుడు నీళ్ళు, రెండు కొసలా చెక్కిన రెండు పెన్సిళ్ళు, వైర్లు, 9 ఓల్టుల బ్యాటరీ ముందేసుకుని వంటింట్లో కూర్చుంది. ఎంతసేపటికీ బుడగలు సరిగ్గా రాలేదు. వట్టి నీళ్ళలో కరెంటు అంతగా పారదు కదా! నేనే చెంచాడు ఉప్పు వేశాను. బుడగలు జోరందుకున్నాయి. మేం సంబరపడేలోపే బ్లీచింగ్ పౌడరు లాంటి ఘాటు వాసన, ఇద్దరికీ ఒకటే దగ్గు! ఉప్పులోని క్లోరిన్ గ్యాసై బయటికొస్తోందన్నమాట. గబగబా వైర్లు పీకేసి కిటికీలు తెరిచాను.

మీ పిల్లలు ఈ ప్రయోగం చేస్తామంటే వద్దనకండి. కానీ దగ్గరుండి చూసుకోండి. ఉప్పుకి బదులు అరచెంచా వంటసోడా చాలు. బ్యాటరీయే వాడాలి, గోడ ప్లగ్గు జోలికి పోనివ్వకండి. మైనస్ వైపు వచ్చేది హైడ్రోజన్. అది ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో స్టవ్వు, దీపం వెలగకూడదు. గ్యాసుని సీసాల్లో పట్టి దాచకూడదు.

పుస్తకాల్లో దీన్ని విద్యుద్విశ్లేషణ అంటారు. 1800లోనే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఇలా నీటిని విడగొట్టి చూపారు. హైడ్రోజన్ మండితే మసి ఉండదు, నీటి ఆవిరి వస్తుంది.

"అయితే గ్యాసు బండ మానేసి ఇదే వాడుకోవచ్చుగా?" అంటారేమో. ఇల్లు నడిపే వాళ్ళం, లెక్క చూద్దాం. కిలో హైడ్రోజన్ తియ్యాలంటే సుమారు 9 లీటర్ల నీళ్ళు, 50 యూనిట్లకి పైగా కరెంటు కావాలి. దాన్ని మండిస్తే మనకి దక్కేది దాదాపు 33 యూనిట్ల వేడి. పాలు పోసి మజ్జిగ తెచ్చుకున్నట్టు! వంటకైతే ఆ కరెంటుతో నేరుగా ఇండక్షన్ స్టవ్వు వెలిగించుకోవడమే మేలు.

మరి హైడ్రోజన్ దండగా? కాదండీ. మన పొలాల్లో వేసే యూరియాకి కావలసిన అమ్మోనియా హైడ్రోజన్ లేనిదే తయారవదు. ఇప్పుడు దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. అలా తీసే ప్రతి కిలోకీ 9 కిలోల దాకా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఎండ, గాలి ఇచ్చే కరెంటుతో నీటినుంచి తీస్తే ఆ బాధ ఉండదు. దాన్నే గ్రీన్ హైడ్రోజన్ అంటున్నారు. బొగ్గు కరెంటుతో తీస్తే మాత్రం పొగ ఎక్కడికీ పోదు, థర్మల్ స్టేషన్ గొట్టంలోంచి వస్తుంది, అంతే.

2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తియ్యాలని కేంద్ర ప్రభుత్వం 2023లో పథకం పెట్టింది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఇందుకోసం 2025 జనవరిలో శంకుస్థాపన కూడా చేశారు.

మా అమ్మాయి తన చార్టు అడుగున "ఈ కరెంటు ఎక్కడిది?" అని పెద్దక్షరాలతో రాసుకుంది. మీరూ ఆ మాట గుర్తుంచుకోండి. రేపెవరైనా "నీళ్ళతో నడిచే స్టవ్వు" అంటూ గుమ్మంలోకి వస్తే, డబ్బు తీసేముందు "ఇది కరెంటెంత తాగుతుంది బాబూ?" అని అడగండి!