వండర్‌లాకు వెళ్తున్నారా? హోటల్ ముందు రాత్రికా, తర్వాతి రాత్రికా.. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఫ్యామిలీలు బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

సెలవులు వస్తే చాలు.. పిల్లల నోట ఒకటే మాట, వండర్‌లా. ఆ వెంటనే ఇంట్లో రెండో ప్రశ్న మొదలవుతుంది. రాత్రికి ఎక్కడ ఉండాలి? ఫోన్‌లో బుకింగ్ యాప్ తెరిచి "వండర్‌లాకు దగ్గర్లో హోటళ్లు" అని కొడితే పదుల సంఖ్యలో పేర్లు వస్తాయి. వాటిలో సికింద్రాబాద్ హోటళ్లు కూడా ఉంటాయి! అద్దె తక్కువగా ఉందని, ఫొటో బాగుందని ఒకటి నొక్కేస్తారు. తీరా వెళ్లాక ఆ గది పార్కుకు ఒక మూల, ఊరికి వెళ్లే రోడ్డుకు మరో మూల ఉందని తెలుస్తుంది.

2016లో మొదలైన హైదరాబాద్ వండర్‌లా నగరం మధ్యలో లేదు. రంగారెడ్డి జిల్లా రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు 13వ నంబర్ ఎగ్జిట్ పక్కన ఉంది. పాలమూరు వైపు నుంచి సొంత కారులో వచ్చేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయం. ఎందుకంటే పార్కుకు చేరడానికి వాళ్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో అడుగు పెట్టాల్సిన పనే లేదు. మరి అలాంటప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అబిడ్స్‌లోనో గది తీసుకోవడం దేనికి?

ఏ రోడ్డున వస్తారో ముందు అది చూడండి

గద్వాల నుంచి బయల్దేరితే ఎర్రవల్లి చౌరస్తా దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కుతారు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరతారు. వనపర్తి వాళ్లు కొత్తకోట దగ్గర ఇదే రోడ్డులో కలుస్తారు. ఈ రెండు జిల్లాల వాళ్లకు శంషాబాదే గుమ్మం లాంటిది. అక్కడ 16వ ఎగ్జిట్‌లో ఔటర్ ఎక్కి, పెద్ద గోల్కొండ, తుక్కుగూడ దాటితే రావిర్యాల వస్తుంది. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక శంషాబాద్‌లో చిన్న లాడ్జి నుంచి స్టార్ హోటల్ దాకా అన్ని రకాల గదులూ పుట్టుకొచ్చాయి. విమానాల వాళ్లు వేళాపాళా లేకుండా వస్తుంటారు కాబట్టి అర్ధరాత్రి వెళ్లినా రిసెప్షన్‌లో మనిషి ఉండే హోటళ్లు ఇక్కడ దొరుకుతాయి. కొన్ని చోట్ల 24 గంటల చెకౌట్ కూడా ఉంటుంది. అంటే రాత్రి 8కి దిగితే మర్నాడు రాత్రి 8 దాకా గది మీదే.

నాగర్‌కర్నూల్ లెక్క వేరు. కల్వకుర్తి, ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే నేరుగా తుక్కుగూడలో తేలతారు. పార్కు అక్కడికి పక్క ఎగ్జిట్‌లోనే. అచ్చంపేట, కల్వకుర్తి వాళ్లదీ ఇదే దారి. వీళ్లు శంషాబాద్‌లో గది తీసుకుంటే అటు వెళ్లి ఇటు రావడమే అవుతుంది. వీళ్లకు తుక్కుగూడ, మహేశ్వరం, ఆదిభట్ల వైపు చూసుకోవడమే మేలు. ఇటువైపు 'రిసార్ట్' అన్న బోర్డులు ఎక్కువ. వాటిలో కొన్ని ఫామ్‌హౌస్‌లే. శనివారం రాత్రి పక్క గదుల్లో డీజే మోగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఫోన్ చేసి, ఆ రోజు పార్టీ బుకింగ్‌లు ఏమైనా ఉన్నాయా అని అడిగేయడమే మంచిది.

ఇంకో సంగతి. యాప్‌లో కనిపించే 'దూరం' చాలాసార్లు గీత గీసినట్టు కొలిచిన దూరం. ఔటర్‌పైకి ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం, దిగలేం. మ్యాప్‌లో 2 కిలోమీటర్లున్న హోటల్ రోడ్డు మీద చాలా దూరం అయిపోవచ్చు. హోటల్ గేటు నుంచి పార్కు గేటుకు మ్యాప్‌లో రూట్ పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు రాత్రా.. తర్వాతి రాత్రా?

ఎక్కువ మంది చేసేది ముందు రాత్రికి గది తీసుకోవడం. పొద్దున్నే ఫ్రెష్‌గా పార్కుకు వెళ్దామని. కానీ పార్కు గేట్లు తెరిచేది సాధారణంగా ఉదయం 11 గంటలకు. హైదరాబాద్‌కు గద్వాల సుమారు 190 కిలోమీటర్లు, వనపర్తి 150 దరిదాపు, నాగర్‌కర్నూల్ ఇంకా దగ్గర. గద్వాల నుంచి పొద్దున 6కి, వనపర్తి నుంచి 7కి బయల్దేరినా దారిలో టిఫిన్ చేసి తీరిగ్గా చేరుకోవచ్చు.

అసలు చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. పార్కు మూసేది సాయంత్రం 6, 7 గంటల మధ్య. వేవ్ పూల్‌లోంచి పిల్లల్ని బయటికి లాగి, తడి బట్టలు మార్పించి, పార్కింగ్ నుంచి కారు తీసేసరికి బాగా చీకటి పడుతుంది. పగలంతా ఎండలో, నీళ్లలో తిరిగిన మనిషే స్టీరింగ్ పట్టుకోవాలి. ఎక్కడో భోజనానికి ఆగితే గద్వాల చేరేది రాత్రి 11 తర్వాతే. వెనక సీట్లో పిల్లలు, పక్కన భార్య.. అందరూ నిద్రలో ఉంటారు. మేలుకొని ఉండాల్సింది ఒక్కరే, ఆ ఒక్కరికీ కళ్లు మూతలు పడుతుంటాయి. జాతీయ రహదారిపై ఆగి ఉన్న లారీ కనిపించడానికీ, గుద్దుకోవడానికీ మధ్య ఉండేది కొన్ని సెకన్లే. శ్రీశైలం రోడ్డు చాలా వరకు రెండు వరుసలే కాబట్టి రాత్రిపూట ఎదురు లైట్లతో అదో తిప్పలు.

కాబట్టి ఒక్క రాత్రికే బడ్జెట్ ఉంటే, ఆ డబ్బు పార్కు చూశాక వచ్చే రాత్రికి పెట్టడమే తెలివైన పని. చెకిన్ టైమ్ మధ్యాహ్నం 12 అయినా 2 అయినా మీకు ఇబ్బంది లేదు. మీరు వెళ్లేదే రాత్రి. సామాను పొద్దుటి నుంచి కారు డిక్కీలో ఉంటుంది. మర్నాడు 9 దాకా పడుకొని, టిఫిన్ తిని, వెలుతుర్లో ఇంటికి రావచ్చు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. 'పే ఎట్ హోటల్' పద్ధతిలో బుక్ చేస్తే, సాయంత్రం దాకా రానివాళ్ల గదిని కొన్ని హోటళ్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి. "రాత్రి 8 దాటాకే వస్తాం" అని మధ్యాహ్నమే ఒక ఫోన్ కొట్టండి.

అవ్వాతాతలు, మరీ చిన్న పిల్లలు వెంట ఉంటే మాత్రం ముందు రాత్రి కూడా ఉండాల్సి రావచ్చు. రైడ్ల దగ్గర వయసు కంటే ఎత్తు చూస్తారు. కాబట్టి చిన్నోళ్లు చాలావాటికి బయటే ఆగిపోతారు. అవ్వకు అంత నడక కష్టం. వాళ్లు పగలు గదిలోనే ఉంటామంటే చెకౌట్ టైమ్ అడ్డం రాకుండా రెండు రాత్రులూ ఒకే హోటల్‌లో తీసుకోవాలి.

అద్దె కాదు, ఇవి అడగండి

వేడి నీళ్లు! చాలా లాడ్జిల్లో సోలార్ నీళ్లు పొద్దున 6 నుంచి 9 వరకే వస్తాయి. పార్కు నుంచి తడిసి వచ్చిన పిల్లలకు కావాల్సింది రాత్రిపూట. గదిలో గీజర్ ఉందా, రాత్రి పనిచేస్తుందా అని అడగాలి. నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలు వేసుకోవాలి. అవి ఆరేయడానికి బాల్కనీయో, కనీసం దండెమో లేకపోతే ఫ్యాన్ కింద కుర్చీలపై ఆరేయడమే గతి.

రాత్రి కిచెన్ ఎన్ని గంటలకు మూస్తారన్నది రెండో ప్రశ్న. బయటి తిండి పార్కులోకి రానివ్వరు. ఇంటి నుంచి కట్టుకెళ్లిన పులిహోర, చపాతీలు కారులోనే ఉండిపోతాయి. ఎండాకాలమైతే సాయంత్రానికి పాడైపోతాయి కూడా. అందుకే వేడి అన్నం దొరికే హోటల్ ముఖ్యం. కింద బార్ అండ్ రెస్టారెంట్ మాత్రమే ఉంటే ఆడవాళ్లు, పిల్లలు భోజనానికి దిగడం ఇబ్బందే. గదికి పంపిస్తారా అని ముందే తేల్చుకోండి.

లిఫ్ట్, ఇండియన్ టాయిలెట్.. ఈ రెండూ యాప్ ఫొటోల్లో కనిపించవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కొన్నిసార్లు ఒకటి కావాలి, ఇంకోటి వద్దు. అడిగితేనే తెలుస్తుంది. అద్దె కారులో వస్తే డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడన్నది కూడా చూడాలి. డ్రైవర్లకు డార్మిటరీయో, కనీసం బాత్రూమో ఉండే హోటల్ ఎంచుకోండి. మర్నాడు మీ ఇంటిల్లిపాదినీ నడిపేది అతనే.

ఇక బిల్లు. యాప్‌లో మొదట కనిపించే రేటు ఇద్దరు పెద్దవాళ్లకు. పిల్లల వయసులతో సహా అందరి లెక్కా ముందే వేయకపోతే కౌంటర్‌లో ఎక్స్‌ట్రా బెడ్ పేరుతో వాదన తప్పదు. పన్ను మాత్రం తగ్గింది. రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అంటే రూ.2,000 గదికి పన్ను రూ.100. అంతకంటే ఎక్కువ శాతం వేస్తే ఎందుకో అడగండి. టోల్ విషయంలోనూ ఒక చిన్న మెలిక ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ 44వ నంబర్ హైవేపై పనికొస్తుంది. ఔటర్‌పై చెల్లదు, అక్కడ విడిగా కట్టాల్సిందే.

కారు లేనివాళ్ల సంగతేంటి?

బస్సులో వచ్చేవాళ్లకు పైన చెప్పిన శంషాబాద్ లెక్క తిరగబడుతుంది. పార్కు మూసేశాక రావిర్యాల నుంచి శంషాబాద్‌కు ఆటోనో, క్యాబో దొరికించుకోవడం కుటుంబంతో తేలిక కాదు. వీళ్లకు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపే నయం. భోజనం దొరుకుతుంది, మర్నాడు మెట్రో ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్. అక్కడి నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్సులు ఉంటాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ అయితే తెలంగాణ మహిళలకు మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే చాలు. కల్వకుర్తి మీదుగా వచ్చే బస్సైతే ఎంజీబీఎస్ దాకా పోకుండా తుక్కుగూడలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. నాగర్‌కర్నూల్‌కు రైలు లేదు. గద్వాల వాళ్లకు ఉంది, కాచిగూడ వెళ్లే దారిలో శంషాబాద్ పక్కనే ఉందానగర్ స్టేషన్ వస్తుంది. అక్కడ ఆగే రైలేనా కాదా చూసుకొని ఎక్కాలి.

రామోజీ ఫిల్మ్ సిటీ కూడా చూడాలంటే..

రెండు రోజులు పెట్టుకున్నవాళ్లు వండర్‌లా రాత్రి శంషాబాద్‌కు వెనక్కి రాకుండా, ఔటర్‌పైనే ముందుకెళ్లి 11వ ఎగ్జిట్ పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే విజయవాడ హైవే మీద ఫిల్మ్ సిటీ వైపు ఉంటారు. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దగ్గర గదులు దొరుకుతాయి. ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార, శాంతినికేతన్ లాంటి హోటళ్లున్నాయి. సితార ఖరీదైనది, మిగతావి దాని కంటే తక్కువ. ఎంట్రీ టికెట్, గది కలిపి ప్యాకేజీలు అమ్ముతారు కాబట్టి విడివిడిగా కొనే ముందు రెండు రేట్లూ పోల్చుకోవాలి. వండర్‌లాకు బెంగళూరు పార్కు దగ్గర సొంత రిసార్ట్ ఉంది. దాని ఫొటోలు చూసి హైదరాబాద్‌లోదని పొరబడకండి.

అడ్వాన్స్ కొట్టే ముందు

సెలవుల్లో గూగుల్‌లో హోటల్ పేరు వెతికితే నకిలీ నంబర్లు కూడా వస్తాయి. "రెండు గదులే మిగిలాయి, వెంటనే యూపీఐ చేయండి" అని తొందరపెడితే ఆగండి. మ్యాప్‌లో ఉన్న నంబర్, హోటల్ సొంత వెబ్‌సైట్‌లోని నంబర్ ఒకటేనా చూసుకోండి. కుదిరితే ఆ ఏరియాలో ఉండే చుట్టాన్నో, తెలిసినవాళ్లనో ఒకసారి గది చూసి రమ్మనండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు అవతలి ఖాతా నుంచి బయటికి వెళ్లకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. గది తీసుకునేటప్పుడు పెద్దవాళ్లందరికీ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు కావాలి. పాన్ కార్డును చాలా హోటళ్లు ఒప్పుకోవు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి.