క్లేడన్ ఎస్టేట్‌ని నిలబెట్టిన కోడలు

వీకెండ్ వస్తే పిల్లల్ని కారెక్కించుకుని నేషనల్ ట్రస్ట్ వాళ్ల పాత బంగళాలు చూడటం ఇక్కడ మనకి బాగా అలవాటైపోయింది. గోడల మీద నిలువెత్తు పటాలు చూస్తాం, "వీళ్లకేంటమ్మా, తరతరాల ఆస్తి" అనుకుంటాం, ఒక టీ తాగి ఇంటికొచ్చేస్తాం. ఎప్పుడైనా బకింగ్‌హామ్‌షైర్ వైపు వెళ్తే ఐల్స్‌బరీకి దగ్గర్లో క్లేడన్ హౌస్ ఉంటుంది. అది వర్నీ కుటుంబం ఇల్లు. వెళ్లేముందు మాత్రం ఆ ఇంటి కోడలు మేరీ గురించి తెలుసుకుని వెళ్లండి.

పదమూడేళ్ల పెళ్లికూతురు

మేరీ బ్లాక్‌నాల్ 1616లో పుట్టింది. వాళ్లది ఆబింగ్‌డన్. తొమ్మిదేళ్లకే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అన్నదమ్ములు లేరు, ఆస్తంతా ఆ పిల్లదే. అప్పటి ఇంగ్లండ్‌లో ఇలాంటి పిల్లల సంరక్షణ హక్కు రాజుగారి కోర్టు చేతిలో ఉండేది. డబ్బు కట్టి ఆ హక్కు కొనుక్కోవచ్చు. కొనుక్కున్నవాళ్లకి పిల్ల పెళ్లి ఎవరితో చెయ్యాలన్నదీ చేతిలోకి వచ్చేది. మేరీ బంధువులే ఆ హక్కు కొన్నారు. చివరికి 1629లో, పదమూడో ఏట, సర్ ఎడ్మండ్ వర్నీ పెద్దకొడుకు రాల్ఫ్‌కిచ్చి పెళ్లి చేశారు. పెళ్లికొడుక్కి పదిహేనేళ్లు.

పెళ్లయ్యాక భార్య భూముల మీద వచ్చే కౌలు భర్త చేతికే వెళ్లేది. భార్య తెచ్చింది భర్త ఖాతాలో కలిసిపోతుంది. దానికి బదులుగా భర్త పోతే ఆమెకి బతికినంతకాలం ఏటా ఇంత అని పెళ్లికి ముందే రాసుకునేవాళ్లు. మనం కట్నం, పసుపుకుంకుమ, మనోవర్తి అని చెప్పుకునే లెక్కలు వాళ్లకీ ఉన్నాయి. మాటలే వేరు.

అప్పులూ, ఆడబిడ్డలూ

బయటికి పెద్ద ఎస్టేటే. లోపల చూస్తే తలకు మించిన అప్పులు. దొర అనిపించుకోవాలంటే రాజాస్థానంలో ఉండాలి, ఆ హోదాకి తగ్గ బట్టలు, గుర్రాలు, పరివారం ఉండాలి. కౌళ్లేమో ఏడాదికి రెండు విడతలుగా వస్తాయి. ఖర్చు రోజూ ఉంటుంది. అందుకని ఒక బాండు రాసి తెచ్చిన అప్పు తీర్చడానికి ఇంకో బాండు.

ఆ రోజుల్లో భూమి అంతా పెద్దకొడుక్కే వెళ్లేది. తమ్ముళ్లకి ఏటా కొంత భత్యం, చెల్లెళ్లకి పెళ్లి సొమ్ము ఎస్టేట్ మీదే రాసిపెట్టేవాళ్లు. అంటే పెద్దకొడుక్కి వారసత్వంలో ఆస్తితో పాటు ఇంత పెద్ద బిల్లు కూడా వచ్చేది. 1642లో అంతర్యుద్ధం మొదలైంది. రాజుగారి జెండా మోసే పని సర్ ఎడ్మండ్‌ది. ఎడ్జ్‌హిల్ యుద్ధంలో అక్టోబరు 23న ఆ జెండా పట్టుకునే చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. రాల్ఫ్ ఏమో పార్లమెంటు పక్షం. తండ్రీ కొడుకూ చెరోవైపు అన్నమాట.

రాల్ఫ్ నెత్తిన పడింది ఐదుగురు పెళ్లికాని చెల్లెళ్ల భారం. వాళ్ల పెళ్లి సొమ్ము కోసం తండ్రి నమ్ముకున్నది బట్టల మీద పన్నులో తనకొచ్చే వాటాని. యుద్ధంతో ఆ రాబడి ఆగిపోయింది. చేతిలో సొమ్ము లేని ఆడపిల్లలకి మంచి సంబంధాలు ఎక్కడొస్తాయి? వచ్చిన సంబంధానికి తలవంచారు. చిన్నచెల్లెలు ఎలిజబెత్ అయితే ఏళ్ల తరబడి ఎదురుచూసి, 1662లో ఒక పేద చర్చి ఫాదరుతో వెళ్లిపోయి పెళ్లి చేసుకుంది.

భార్యని పంపిద్దాం

1643లో పార్లమెంటు సభ్యులందరూ ఒక మత ఒడంబడిక మీద ప్రమాణం చెయ్యాలన్నారు. రాల్ఫ్ మనసొప్పక చెయ్యనన్నాడు. మేరీని, ఇద్దరు పెద్దపిల్లల్ని తీసుకుని ఫ్రాన్స్ వెళ్లిపోయి బ్లోవాలో కాపురం పెట్టాడు. చిన్నవాడు జాక్‌ని మాత్రం క్లేడన్‌లోనే వదిలేశారు. పిల్లల్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్లకి ఆ బాధ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఇటు పార్లమెంటు ఎస్టేట్‌ని జప్తు చేసింది.

రాల్ఫ్ తిరిగొస్తే అప్పులవాళ్లు పట్టుకుంటారు, అరెస్టు కూడా అవ్వచ్చు. అందుకే లండన్‌లో ఉన్న మేనమామ డాక్టర్ డెంటన్ ఒక సలహా రాశాడు. ఇలాంటి రోజుల్లో కమిటీల ముందు ఆడవాళ్లు వెళ్లి బతిమాలితేనే పని జరుగుతుంది, మేరీని పంపు అని. పైగా జప్తయిన ఆస్తిలో ఐదోవంతు దాకా భార్యాపిల్లల పోషణకి అడుక్కునే వీలు చట్టంలోనే ఉంది.

1646 చివర్లో, చలికాలంలో, మేరీ సముద్రం దాటి లండన్ వచ్చింది. అప్పటికి గర్భవతి. వచ్చిన దగ్గర్నుంచీ తిరుగుడే తిరుగుడు. కౌంటీ కమిటీ నుంచి సర్టిఫికెట్ తేవాలి, పెద్దల ఇళ్ల ముందు నిలబడాలి, అప్పులవాళ్లకి సర్దిచెప్పాలి, ఆడబిడ్డల గొడవలు తీర్చాలి. అన్నీ ఒక్కతే చేసుకుంది. అవన్నీ మొగుడికి ఉత్తరాల్లో రాసేది. ఆయనేమో, నేనడిగిన ఫలానా దానికి జవాబు రాయలేదేం అని నిష్ఠూరాలాడేవాడు.

1647 జూన్‌లో మగపిల్లాడు పుట్టాడు. పట్టుబట్టి భర్త పేరే పెట్టుకుంది. ఆ ఏడాది శరదృతువులో ఆ పసివాడు పోయాడు. దాదాపు అదే సమయానికి బ్లోవాలో కూతురు పెగ్ కూడా పోయింది. ఇద్దరు బిడ్డలు పోయారు, పక్కన మొగుడు లేడు. అయినా మేరీ పని ఆపలేదు. 1648 జనవరిలో జప్తు ఎత్తేశారు. ఎస్టేట్ దక్కింది.

వసంతకాలంలో జాక్‌ని వెంటబెట్టుకుని ఫ్రాన్స్ వెళ్లింది. ఆరోగ్యం మాత్రం మళ్లీ కుదుటపడలేదు. 1650 మేలో, ముప్పై నాలుగేళ్లకే వెళ్లిపోయింది. రాల్ఫ్ ఆమె దేహాన్ని సముద్రం దాటించి క్లేడన్ పంపించాడు. తర్వాత నలభై ఆరేళ్లు బతికాడు గానీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఆ తర్వాత

1653లో తిరిగొచ్చిన రాల్ఫ్ ఖర్చు తగ్గించాడు, లెక్కలు స్వయంగా రాసుకున్నాడు. ఊరి ఉమ్మడి పొలాలకి కంచెలు వేసి, పచ్చికబయళ్లుగా మార్చి కౌళ్లు పెంచాడు. ఎస్టేట్ నిలదొక్కుకుంది. ఉమ్మడి భూముల్లో పశువుల్ని మేపుకునే పేదవాళ్ల హక్కు పోయిందన్నది కూడా ఆ లెక్కలో భాగమే. ఇంగ్లండ్‌లో వదిలేసిన ఆ చిన్నారి జాక్ పెద్దయ్యాక అలెప్పోలో వ్యాపారం చేసి సొంతంగా సంపాదించాడు. అన్న ముందే పోవడంతో చివరికి ఎస్టేటూ అతనికే వచ్చింది.

ఇవన్నీ మనకి తెలిశాయంటే రాల్ఫ్ ఒక్క కాగితం కూడా పారెయ్యకపోవడం వల్లే. ఆ కుటుంబం ఉత్తరాలు ముప్పై వేలకు పైగా ఉన్నాయి. వాటిని వెలుగులోకి తెచ్చింది కూడా ఒక కోడలే. ఫ్లారెన్స్ నైటింగేల్ అక్క పార్థెనొపీ 1858లో ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఆ కాగితాల ఆధారంగా కుటుంబ చరిత్ర రాసింది.

ఎస్టేట్ చరిత్ర రాసేటప్పుడు "రాల్ఫ్ వర్నీ ఆస్తి కాపాడుకున్నాడు" అని ఒక్క వాక్యంలో తేల్చెయ్యచ్చు. ఆ వాక్యం వెనక మేరీ ఏడాదికి పైగా పడ్డ తిప్పలున్నాయి. మన ఇళ్లలోనూ ఊళ్లో స్థలం గొడవకి లీవు పెట్టుకుని ఒక్కతే ఫ్లైటెక్కిన వాళ్లున్నారు, చంటిపిల్లని చంకనేసుకుని రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కిన వాళ్లున్నారు. ఆ స్థలం ఎవరి పేరున ఉందో, మీ పేరు ఏ కాగితంలో ఉందో ఒకసారి చూసుకోండి. మీ అమ్మ, అత్తగారు ఏ ఏ కాగితాల కోసం తిరిగారో కూడా అడిగి రాసి పెట్టుకోండి.

క్లేడన్ వెళ్తే ఇంటి పక్కనే ఉన్న చర్చిలోకి కూడా వెళ్లండి. అత్తమామల బొమ్మలతో పాటు మేరీ, రాల్ఫ్‌ల పాలరాతి బొమ్మలు అక్కడున్నాయి. ఆ స్మారకం కట్టించింది రాల్ఫే.