బిడది అక్క, రావిర్యాల చెల్లెలు

మదనపల్లె: మన పడమటి మండలాల పిల్లలను "వండర్‌లా ఎక్కడుంది?" అని అడిగితే తడుముకోకుండా "బెంగళూరులో" అంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల బడిపిల్లల విహారయాత్ర అంటే చాలావరకు మైసూరు రోడ్డులోని బిడదే. తెల్లవారుజామున బస్సు కదలడం, అర్ధరాత్రికి తడి బట్టల సంచులతో, బొంగురు గొంతులతో తిరిగి రావడం మామూలే. అదే పేరుతో, అదే యాజమాన్యంలో హైదరాబాద్ శివారు రావిర్యాలలో మరొక పార్కు వుందనీ, అది 2016 ఏప్రిల్ నుంచి నడుస్తున్నదనీ చెబితే మన వూళ్లలో చాలామంది "అట్లనా!" అంటారు. కన్నడదేశంలో వున్నది మనకు పొరుగిల్లయింది. తెలుగుదేశంలో వున్నది 500 కిలోమీటర్ల అవతలి చుట్టమయింది.

బిడది పార్కును నేను ఇంతకు ముందు మూడుసార్లు చూశాను. రావిర్యాల పార్కును చూడడం ఇదే మొదలు. హైదరాబాద్‌లో స్థిరపడిన మా చెల్లెలి ఇంట గృహప్రవేశానికి ఇంటిల్లిపాదీ వెళ్లాము. ముహూర్తం ముగిసిన మర్నాడు బావ అందరినీ కారెక్కించి అక్కడికి తీసుకుపోయాడు. నేను, నా భార్య, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, చెల్లెలి కొడుకు, వీరితోపాటు డెబ్బై దాటిన మా అమ్మ కూడా బయలుదేరింది. "నేనెందుకురా ఆ రంగులరాట్నాలకి?" అంటూనే అందరికంటే ముందు చీర మార్చుకుని కూర్చుంది.

ముందుగా ఈ పార్కుల పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటల్లో చెప్పాలి. మన రైతులకు వి-గార్డ్ పేరు తెలియనిది కాదు. కరెంటు హెచ్చుతగ్గులకు టీవీలు, మోటార్లు కాలిపోకుండా పెట్టుకునే స్టెబిలైజరు పెట్టె మీద కంగారూ బొమ్మతో వుండే పేరది. ఆ వ్యాపారాన్ని 1977లో కొచ్చిలో ప్రారంభించిన కొచౌసెఫ్ చిట్టిలపిళ్లి గారే 2000లో కొచ్చి దగ్గర పళ్లిక్కరలో మొదటి పార్కు పెట్టారు. దానికి అప్పటి పేరు వీగాలాండ్. రెండవది 2005లో బిడదిలో వచ్చింది, మూడవది రావిర్యాలది. ఆ తర్వాత 2024లో భువనేశ్వర్‌లోనూ, 2025 డిసెంబరులో చెన్నై శివారులోనూ మరో రెండు తెరిచారు. వరుసకు కొచ్చిది పెద్దక్క అవుతుంది గానీ, మనం చూడని అక్క కాబట్టి ఈ వ్యాసంలో బిడదినే అక్క అందాము.

గేటు దాటగానే అక్కచెల్లెళ్ల పోలిక కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. అవే సాధనాలు, చాలావాటికి అవే పేర్లు. నేల మీద ఆడే ఆటలు ఒక పక్క, నీళ్ల ఆటలు ఇంకో పక్క. అలలు లేచే కొలను, పైనుంచి జారే గొట్టాలు, ఇంటి లోపల వాన కురుస్తుంటే పాటలకు గంతులు వేసే గది, ఇవన్నీ బిడదిలో చూసినవే. మొదటి అరగంట నాకు కొంత నిరాశ కలిగిన మాట నిజం. ఇంత దూరం వచ్చి మళ్లీ అదే చూడాలా అనిపించింది. తేడాలు మెల్లమెల్లగా తెలిసివచ్చాయి.

మొదటిది విస్తీర్ణం. బిడది పార్కు 80 ఎకరాల పైచిలుకు. రావిర్యాలది 50 ఎకరాల లోపే. ఇరవై యేళ్లలో బిడదిలో చెట్లు ఏపుగా పెరిగాయి, నీడకు కొదవ లేదు. అయితే ఈ చివరి నుంచి ఆ చివరకు నడిచేసరికి పెద్దవాళ్ల మోకాళ్లు మొరాయిస్తాయి. రావిర్యాలలో అన్నీ దగ్గర దగ్గరగా వున్నాయి. మా అమ్మ ఒక్క బెంచీ మీద కూర్చుని నాలుగు ఆటలను చూడగలిగింది. బిడదిలో అయితే పిల్లలు ఎటు పోయారో తెలియక మేమే గంటసేపు వెతుక్కున్న సందర్భం వుంది. ముసలివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి చెల్లెలే నయమని నా అభిప్రాయం.

ఇక మా అమ్మాయి సంగతి. నిరుడు బడివాళ్లతో బిడది వెళ్లినప్పుడు పెద్ద ఆటల దగ్గర నిలబెట్టిన కొలత కర్ర దాన్ని ఆపేసింది. పెద్ద సాహసపు ఆటలు ఎక్కాలంటే 140 సెంటీమీటర్ల ఎత్తు వుండాలి. దానికి రెండు వేళ్లు తక్కువయింది. తోటి పిల్లలంతా ఎక్కి కేకలు వేస్తుంటే కింద నిలబడి వాళ్ల చెప్పులకు కాపలా కాసిందట. ఆ సంగతి ఇంటికి వచ్చాక మాకు చెప్పలేదు, వారం తర్వాత గోడకు ఆనుకుని పెన్సిలుతో గీత గీసుకుంటుంటే తెలిసింది. ఆ గీతలు యేడాది పొడవునా పైకి పాకాయి. రావిర్యాలలో గేటు దాటిందో లేదో, అది వెతికింది ఆటను కాదు, కొలత కర్రను.

కర్ర ఇక్కడా అదే. దాని కింద నిలబడి, మడమలు ఎత్తకుండా, ఊపిరి బిగబట్టింది. అక్కడి కుర్రాడు చూసి "సరిపోయింది పో అమ్మా" అన్నాడు. ఆ ఎత్తు నియమం ఎందుకో మనవాళ్లలో చాలామందికి తెలియక "రెండు వేళ్లకేమి, పంపించు సామీ" అని బతిమాలుతుంటారు. భుజాల మీదుగా దిగే ఇనుప కట్టు పెద్ద ఒంటికి తగినట్టు చేసి వుంటుంది. ఒళ్లు చిన్నదైతే తలకిందులైనప్పుడు జారిపోయే ప్రమాదం వుంది. బతిమాలి పంపించుకోవలసిన చోటు కాదది.

అది ఎక్కిన బండి పేరు రికాయిల్. రెండు పార్కులలోనూ వుంది, నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ తయారు. దాని పనితీరు మన బావి గిలకతో పోల్చి చెప్పవచ్చు. బొక్కెనను చేంతాడుతో పైకి లాగి ఒక్కసారి వదిలేస్తే ఎట్లా దిగుతుందో, మనుషులు కూర్చున్న బండిని అట్లా వంద అడుగులకు పైగా ఎత్తుకు వెనక్కు లాగి వదిలేస్తారు. ఆ తర్వాత దానికి ఇంజను లేదు, నెట్టేవాడూ లేడు. తన బరువుతోనే దూసుకుపోయి, మూడుసార్లు తలకిందులై, అవతలి ఎత్తు ఎక్కుతుంది. అక్కడ మళ్లీ పైకి లాగి వదిలితే ఈసారి వచ్చిన దారినే వెనక్కు పరుగు, ఇంకో మూడుసార్లు తలకిందులు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టదు. వెనక్కు వచ్చేటప్పుడు ముందేముందో కనిపించదు గనుక అదే ఎక్కువ భయం. నేను బిడదిలో ఒకసారి ఎక్కి, ఇక చాలని నిర్ణయించుకున్నవాణ్ణి. మా అమ్మాయి రెండుసార్లు ఎక్కింది.

ఇక్కడే భాష సంగతి వచ్చింది. బండి కదిలేముందు కట్లు సరిచూసే కుర్రాడు వరుసగా "తల వెనక్కి ఆనించు, జేబులో ఏమన్నా వుంటే తీసెయ్, కళ్లద్దాలు ఇక్కడ పెట్టు" అని తెలుగులోనే చెప్పుకుంటూ పోయాడు. తెలంగాణ యాస, మా పిల్లకు ఒక్క మాట కూడా అడ్డం పడలేదు. బిడదిలో ఆ మాటలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో వినపడతాయి. తెలుగు వచ్చిన సిబ్బంది అక్కడా వుంటారు గానీ, గుంపులో ఆ సమయానికి ఎవరు ఎదురవుతారో చెప్పలేము. నిరుడు బడి యాత్రలో కుప్పం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక పిల్ల అందరికీ దుబాసీ అయిందట. కుప్పంవాళ్లకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఇంట్లో వంటంత సులువు. ఆ పిల్ల లేని బస్సులో మదనపల్లె, పుంగనూరు పిల్లలు పక్కవాడు ఏం చేస్తే అదే చేస్తూ కూర్చుంటారు. నూరు అడుగుల ఎత్తుకు వెళ్లేముందు చెప్పే జాగ్రత్త అర్థం కావడం చిన్న విషయం కాదు. బిడదికి పిల్లలను తీసుకుపోయే ఉపాధ్యాయులు ఆ నాలుగు మాటలూ బస్సులోనే తెలుగులో చెప్పి దింపితే మేలు.

నీళ్ల దగ్గరకు వచ్చాము. అలల కొలను ముందు మా అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. "ఏమిరా, ఇన్ని నీళ్లు యాడ్నించి తెస్తా వుండారు?" అని అడిగింది. వెయ్యి అడుగులు వేసినా బోరులో దుమ్ము తప్ప తడి తగలని నేల మాది. హంద్రీ-నీవా కాలువ ఎప్పుడొస్తుందా అని ఒక తరం ఎదురుచూసిన వూళ్లు మావి. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. వాడిన నీటినే వడగట్టి, మందు కలిపి, మళ్లీ మళ్లీ తిప్పుతారని బావ వివరించాడు. "అంటే పారబొయ్యరు?" అని రెట్టించి అడిగి, పారబొయ్యరని చెప్పాకే పాదాలు తడుపుకుంది. ఆవిరయ్యేదీ, ఒంటి మీద పోయేదీ ఎట్లాగూ కొత్తగా పోయాలి కదా అన్న మాట నాకు నోటిదాకా వచ్చింది. ఆమె ఆనందం చూసి మింగేశాను.

నీళ్ల ఆటలలో మటుకు రెండు పార్కులకూ వాతావరణమే తేడా తెస్తుంది. బెంగళూరు చల్లని సీమ. డిసెంబరు, జనవరిలో బిడదిలో నీళ్లలో దిగితే పళ్లు కొట్టుకుంటాయి, అందుకే అక్కడ ఎండ వేడితో నీళ్లు కాచే ఏర్పాటు పెట్టారు. హైదరాబాద్ ఎండకు ఆ అవసరం తక్కువ. వేసవిలో అయితే నేల ఆటలు వదిలి జనమంతా నీళ్లలోనే వుంటారు. వేసవి సెలవులలో వెళ్లేవారు మధ్యాహ్నం పూట నీళ్ల వైపు, పొద్దున, సాయంత్రం నేల ఆటల వైపు వుండేటట్టు చూసుకోవాలి.

బిడదిలో వుండి ఇక్కడ లేనివి కూడా వున్నాయి. ఎత్తయిన కట్టడం పైన నిలబెట్టిన జెయింట్ వీలు వాటిలో ముఖ్యమైనది. దాని మీదకు ఎక్కి చూస్తే చుట్టుపక్కల వూళ్లు, తోటలు కనిపిస్తాయి. మా అబ్బోడు, అంటే చెల్లెలి కొడుకు, "మామా, మీ బెంగళూరుదే పెద్దదా?" అని పదేపదే అడిగి బుంగమూతి పెట్టాడు. రాత్రి బస చేయడానికి బిడదిలో 2012 నుంచి పార్కును ఆనుకునే విడిది కూడా వుంది. మనబోటివాళ్లు దిగే ధర కాదు గానీ, వున్నదని తెలియడం మంచిది.

ఖర్చు విషయం దాచవలసిన పని లేదు. టికెట్టు ధర రోజును బట్టి మారుతుంది. శని, ఆదివారాలలో, సెలవు దినాలలో ఎక్కువ, మామూలు రోజుల్లో తక్కువ. ఎక్కడైనా పెద్దవాళ్లకు తలకు వెయ్యి రూపాయలు దాటుతుందనుకుని బయలుదేరాలి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. 60 యేళ్లు నిండినవారికి రాయితీ వుంది, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. బయటి తిండి లోపలికి రానివ్వరు. పులిహోర పొట్లాలు కట్టుకుపోయినవారు గేటు బయటే తినేసి వెళ్లాలి. నూలు బట్టలతో, చీరలతో, లుంగీలతో నీళ్ల ఆటలకు పంపరు. నైలాను బట్టలు ఇంటి నుంచి తెచ్చుకుంటే అక్కడ కొనే బాధ తప్పుతుంది.

ఈ చీర సంగతి మీద నాకు ఒక మాట వుంది. రెండు పార్కులలోనూ నేను చూసిన దృశ్యం ఇది: మన పల్లెల నుంచి వచ్చిన తల్లులు పూర్తి టికెట్టు కొని, రోజంతా బెంచీల మీద సంచులకూ చెప్పులకూ కాపలా కూర్చుంటారు. నా భార్య బిడదిలో రెండుసార్లు అట్లాగే కూర్చుంది. ఈసారి చెల్లెలు పట్టుబట్టి తన నైలాను బట్టలు తొడిగించి నీళ్లలోకి లాక్కుపోయింది. సంచులు డబ్బు కట్టి లాకరులో పెట్టాము. సాయంత్రం దాకా ఆమె మళ్లీ బయటకు రాలేదు. లాకరుకు పోసిన డబ్బు ఆ రోజు ఖర్చులన్నింటిలోకీ సార్థకమైనదని లెక్కవేశాను.

ఐదుగురి టికెట్లు, తిండి, ప్రయాణం కలిపితే ఎన్ని బాక్సుల టమోటాలు అవుతాయన్నది మదనపల్లె మార్కెట్టు ఆ వారం చెప్పాలి. 2023 జులైలో కిలో దాదాపు 200 రూపాయలు పలికినప్పుడు మా వీధి రైతు ఒకాయన పిల్లలందరినీ బిడదికి తిప్పుకొచ్చాడు. ధర పడిపోయిన యేళ్లలో, కాయ కోసిన కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసినప్పుడు, ఆ పిల్లలే పాత ఫోటోలు తీసి చూసుకుంటారు.

దారి గురించి చెప్పి ముగిస్తాను. మదనపల్లె నుంచి బెంగళూరు 120 కిలోమీటర్లే అయినా, బిడది నగరానికి ఆ చివర వుంది. నగరాన్ని అడ్డంగా దాటడానికి పట్టే సమయంలో పుంగనూరు వెళ్లి రావచ్చు. బస్సు మాట్లాడుకోని కుటుంబాలకు ఒక ఉపాయం వుంది. కుప్పం నుంచి బెంగళూరు పోయే రైలులో కృష్ణరాజపురంలో దిగి, అక్కడే మెట్రో ఎక్కితే, మైసూరు రోడ్డులోని చల్లఘట్ట దాకా ఒకే రైలులో పోవచ్చు. 2023 అక్టోబరు నుంచి ఈ సదుపాయం వుంది. అక్కడి నుంచి బిడదికి బస్సులు దొరుకుతాయి. రావిర్యాలకైతే కదిరి, అనంతపురం, కర్నూలు మీదుగా రాత్రంతా ప్రయాణం. అయితే హైదరాబాద్ నగరంలోకి పోనక్కరలేదు. శంషాబాద్ దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే 13వ నంబరు దిగుడు దగ్గరే పార్కు.

కేవలం పార్కు కోసం 500 కిలోమీటర్లు పోవడం నా దృష్టిలో దండగ. పెళ్లికో, ఆసుపత్రికో, పిల్లల పరీక్షకో హైదరాబాద్ వెళ్లినవారు ఒక రోజు మిగుల్చుకుంటే చాలు. బడి యాత్రలకు బిడదికి మించినది మనకు లేదు.

తిరుగు బస్సులో కదిరి దాటాక మా అమ్మాయి నిద్రలో నుంచి లేచి, "నాయనా, బిడదికి మళ్లీ ఎప్పుడు పోదాం?" అని అడిగింది. ఇప్పుడే కదమ్మా చూసొచ్చింది అన్నాను. "అది వేరే. నేను అక్కడి కర్ర కింద నిలబడాల" అంది.